వశిష్ఠ రేవులో పాత డిజిటల్ కెమెరా: ప్రాజెక్టు డైరీ

పని ఇది. గోదారి పాయ వశిష్ఠ మీద సఖినేటిపల్లి రేవు నుంచి పంటు (మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి అవతలి ఒడ్డున నరసాపురం వెళ్ళి పని చూసుకుని సాయంత్రం తిరిగొచ్చే దారిలో రోజూ కళ్ళ ముందు జరిగేదాన్ని జేబులో పట్టే పాత డిజిటల్ కెమెరాతో తీయాలి. బాగా వచ్చినవి ప్రింటు వేయించి, అందులో ఉన్నవాళ్ళ చేతికే ఇవ్వాలి. ఆశ్వయుజంలో మొదలుపెట్టాను, ఇప్పుడు వైశాఖం నడుస్తోంది.

ఫోను ఉండగా ఇదెందుకని చాలామంది అడిగారు. ఫోను బటన్ నొక్కగానే కొన్ని ఫొటోలు గబగబా తీసి, వాటిని కలిపి, నీడలో ఉన్నదాన్ని లేపి, తెల్లబారిన ఆకాశాన్ని దించి ఇస్తుంది. మంచి సౌకర్యమే. కానీ పొద్దున్న ఏడింటికి తీసినా, మిట్టమధ్యాహ్నం తీసినా గోదారి ఒక్కలాగే కనిపిస్తుంది. పాత కెమెరా ఒకేసారి వెలుతురు తీసుకుంటుంది. ఎక్కువైతే తెల్లబోతుంది, తక్కువైతే నల్లబడుతుంది. ఎప్పుడు ఏ పక్కన నిలబడాలో అప్పుడు మనమే నేర్చుకోవాలి. నాకు కావలసింది ఆ నేర్చుకోవడమే.

ఆశ్వయుజం: బీరువా పై అరలోంచి

మా వైపు పాత కెమెరా కోసం బజారుకి వెళ్ళక్కర్లేదు. కువైట్, దుబాయ్, మస్కట్ నుంచి సెలవుకి వచ్చినవాళ్ళు పదిహేను, ఇరవై ఏళ్ళ క్రితం తెచ్చినవి చాలా ఇళ్ళలో పెళ్ళి ఆల్బమ్‌ల వెనకాల పడి ఉన్నాయి. పిన్ని ఇంట్లో ఒకటి, మేనత్త ఇంట్లో ఒకటి దొరికాయి.

పిన్ని ఇచ్చింది కానన్ పవర్‌షాట్ ఏ570 ఐఎస్. 2007లో వచ్చిన మోడల్. 7.1 మెగాపిక్సెళ్ళు, నాలుగు రెట్ల జూమ్, చేతి వణుకు తగ్గించే ఏర్పాటు, కన్ను పెట్టి చూసే చిన్న కిటికీ, రెండు పెన్సిల్ సెల్లు. షట్టర్ వేగం, లెన్సు రంధ్రం మనం పెట్టుకునే వీలు కూడా ఉంది. మేనత్త ఇచ్చినది ఇంకో కంపెనీది, సన్నగా అందంగా ఉంది. దాని లిథియం బ్యాటరీ ఉబ్బిపోయి మూతలోంచి బయటికి రానంది. ఉబ్బిన బ్యాటరీని గుచ్చకూడదు, ఛార్జి పెట్టకూడదు. మెల్లగా తీసి, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేచోట ఇచ్చాను. దానికి సరిపడే బ్యాటరీ ఇంకా వెతుకుతూనే ఉన్నాను. పైగా దాని మెమరీ కార్డు రకం ఇప్పుడు మామూలు షాపుల్లో దొరకదు. పాత కెమెరా ఎంచుకునేవాళ్ళకి నేను చెప్పేది ఇదే: మెగాపిక్సెళ్ళు చూడకండి, పెన్సిల్ సెల్లు, ఎస్‌డీ కార్డు పడతాయో లేదో చూడండి. ఆ రెండూ ఉంటే ఎన్నేళ్ళయినా నడుపుకోవచ్చు.

ఏ570లో సెల్లు పెట్టే అర పచ్చగా చిలుం పట్టి ఉంది. ఆల్కలైన్ సెల్లు కారితే క్షారం గడ్డకడుతుంది. దాన్ని విరిచేది పులుపే. దూది పుల్లకి రెండు చుక్కలు వెనిగర్ తగిలించి తుడిచాను, తర్వాత స్పిరిట్‌తో తుడిచాను, స్ప్రింగు మెరిసేదాకా పెన్సిల్ రబ్బరుతో రుద్దాను. ఒక రాత్రి మూత తెరిచే ఉంచాను. పొద్దున్న సెల్లు వేస్తే లెన్సు బయటికి వచ్చింది. పిన్ని ముఖం చూడాలి ఆ క్షణాన!

సెల్లు కిరాణా షాపులో దొరికే చవకరకం వేస్తే నాలుగు ఫ్లాష్‌లకే చచ్చిపోతాయి. కెమెరా ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, అవి తట్టుకోలేవు. రీఛార్జ్ అయ్యే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు 1.2 వోల్టులే అయినా లాగినప్పుడు పడిపోకుండా నిలబడతాయి. వాటిలోనూ వాడకపోయినా ఛార్జి నిలిచే రకం తీసుకుంటే మంచిది.

కార్డు విషయం ఇంకో సంగతి. ఇప్పటి 64 జీబీ కార్డు ఇందులో పనిచేయదు. 2 జీబీ వరకు మామూలు ఎస్‌డీ, 4 నుంచి 32 జీబీ వరకు ఎస్‌డీహెచ్‌సీ, ఆపైన ఎస్‌డీఎక్స్‌సీ. ఈ కెమెరాకి మూడోది తెలియదు. 4 జీబీ కార్డు వేసి, కెమెరాలోనే ఫార్మాట్ చేశాను. పెద్ద సైజులో తీసినా వెయ్యి పైచిలుకు పడతాయి. లోపల గడియారం కోసం ఉండే బొత్తాం సెల్ కూడా మార్చాను. అది చచ్చిపోతే సెల్లు తీసినప్పుడల్లా తేదీ మొదటికొస్తుంది. నా ఆల్బమ్‌కి తేదీలే ప్రాణం.

కార్తీకం: దీపాలు, మంచు

తెల్లవారకుండానే రేవులో స్నానాలు, దీపాలు. ముందు ఒక నియమం పెట్టుకున్నాను: స్నానాల మెట్ల వైపు కెమెరా తిప్పేది లేదు. మెట్లకి దూరంగా, దీపాలు నీళ్ళలోకి వదిలే చోట, అదీ వదిలేవాళ్ళని అడిగాకే. "మమ్మల్ని కాదు బాబూ, దీపాన్ని తియ్యి" అన్నారు ఒక పెద్దావిడ. దీపాన్నే తీశాను.

అరటి దొప్పలో దీపం నీటి మీద నిలకడగా ఉండదు. షట్టర్ ఒక సెకను తెరిస్తే మంట గీత అయిపోతుంది. జూమ్ అసలు వాడకుండా, లెన్సు రంధ్రం పూర్తిగా తెరిచి 2.6 దగ్గర (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది), ఐఎస్ఓ (కెమెరా వెలుతురుకి ఎంత స్పందించాలో చెప్పే అంకె) 400, షట్టర్ 1/8 సెకను. మోకాలి మీద మోచెయ్యి ఆనించి నొక్కితే మంట మంటలాగే వచ్చింది. ఐఎస్ఓ 800 దాటితే నీడల్లో రంగురంగుల చుక్కలు ఎక్కువైపోతున్నాయి. వైట్ బ్యాలెన్స్ (వెలుతురుని బట్టి రంగులు సర్దే ఏర్పాటు) ఆటోలో ఉంటే కెమెరా మంటలోని పసుపుని తగ్గించేస్తోంది. పగటి వెలుతురు గుర్తు దగ్గర పెట్టేస్తే దీపం నారింజ రంగులో, ఆకాశం నీలంగా ఉంటాయి. కంటికి కనిపించింది అదే.

అమావాస్య మర్నాడు పోలి పాడ్యమికి తీసినవాటిలో ఒకటి నాకు ఈ ఏడాది మొత్తం మీద బాగా నచ్చిన ఫొటో. దీపాల వరస అంతా కింది మూలకి జారిపోయి ఉంటుంది, పైన అంతా గోదారి.

మంచు పడే రోజుల్లో ఇంకో చిక్కు. కెమెరా దేన్ని చూసినా అది మధ్యస్థపు బూడిదరంగులో ఉందనుకుని లెక్క కడుతుంది. తెల్లటి మంచు చూపిస్తే దాన్ని మసి రంగులోకి దించేస్తుంది. ఎక్స్‌పోజర్‌ని, అంటే తీసుకునే వెలుతురుని, ప్లస్ వైపు ఒక స్టాపు (రెట్టింపు వెలుతురు) దాకా జరిపితే మంచు మంచులా ఉంటుంది. అదే కొబ్బరి దింపు జరిగే చోట, చుట్టూ తోట నీడే ఎక్కువగా ఉండి, తెల్ల పంచెలు కట్టినవాళ్ళు ఎండలో నిలబడి ఉంటే దీనికి ఉల్టా, మైనస్ 2/3 పెట్టాలి. లేకపోతే పంచె మడతలన్నీ తెల్ల కాగితమైపోతాయి. ఇలాంటి చిన్న సెన్సర్‌లో (వెలుతురుని పట్టే చిప్పు) ఒకసారి తెల్లబోయింది ఇక వెనక్కి రాదు. చీకట్లో ఉన్నదాన్ని మాత్రం తర్వాత కాస్త లేపుకోవచ్చు. అందుకే వెలుతురు ఎక్కువున్న చోటుని బట్టే ఎక్స్‌పోజర్ పెట్టుకుంటున్నాను.

మార్గశిరం: పంటు మీద

పొద్దున్న నరసాపురం వైపు వెళ్ళేటప్పుడు సూర్యుడు మన వీపు వెనక. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడూ వీపు వెనకే. అంటే రెండు పూటలా అవతలి ఒడ్డు నిండా వెలుతురు పడి ఉంటుంది, పంటు మీద ముందుకి చూస్తూ నిలబడినవాళ్ళ ముఖాలు నీడలో ఉంటాయి. ఇది ఇన్నేళ్ళుగా దాటుతున్నా నేను గమనించలేదు, కెమెరా చేతిలోకి వచ్చాకే తెలిసింది.

ముఖాలు కావాలంటే దారి ఫ్లాషే. పగలు ఫ్లాష్ ఏమిటని పక్కవాళ్ళు అడిగారు. ఈ కెమెరాల్లో ఉండేది నిజమైన జెనాన్ ఫ్లాష్, ఫోనులో ఉండే లైటులాంటిది కాదు. కన్ను మూసి తెరిచే లోపే పూర్తయిపోయే మెరుపు. రెండు మూడు మీటర్ల దూరంలో ఉన్న ముఖం మీద నీడని సరిగ్గా తీసేస్తుంది, వెనకాల గోదారి వెలుతురు అలాగే ఉంటుంది. టీ కొట్టు రేకుల కింద, పంటు మీద గొడుగు కింద, మోటారు సైకిలు మీద కూర్చున్నవాళ్ళకి, అన్నింటికీ ఇదే వాడుతున్నాను. అదే ఫ్లాష్ మంచులోనో, చినుకుల్లోనో వేస్తే మాత్రం ఫొటో నిండా తెల్లటి గుండ్రాలు. ఫ్లాష్ లెన్సు పక్కనే ఉంటుంది కాబట్టి ముందు గాలిలో ఉన్న ప్రతి నీటి చుక్కా మెరిసి తిరిగి లెన్సులోకే వస్తుంది.

తాడు విసిరే కుర్రాడిని తీయడానికి చాలా రోజులు పట్టింది. బటన్ నొక్కిన తర్వాత కెమెరా ఫోకస్ వెతుక్కుని తీసేసరికి తాడు నేల మీద ఉంటుంది. దీనికి మందు సగం నొక్కడం. ఒడ్డున తాడు కట్టే గుంజకి ముందే ఫోకస్ పెట్టి, బటన్ సగం నొక్కి పట్టుకుని, అతని చెయ్యి వెనక్కి వెళ్ళగానే మిగతా సగం. ఫోకస్ వెతకడం ముందే అయిపోతుంది కాబట్టి కెమెరా దాదాపు వెంటనే తీస్తుంది. తాడు గాలిలో మెలి తిరిగి ఉన్న ఫొటో వచ్చినప్పుడు అతనికి చూపిస్తే, "ఇంకోసారి విసరమంటారేంటండీ?" అన్నాడు.

సాయంత్రం ఎండ నీళ్ళ మీద తళతళలాడుతుంటే స్క్రీన్ మీద ఊదారంగు నిలువు చారలు కనిపిస్తాయి. పాడైపోయిందని కంగారు పడక్కర్లేదు. ఈ కెమెరాలోని సీసీడీ రకం సెన్సర్‌లో, అతి ప్రకాశమైన చోట వెలుతురు విద్యుదావేశం బయటికి వెళ్ళే దారిలోకి కూడా చొరబడి, ఆ నిలువు వరుస అంతటా అంటుకుంటుంది. ఫొటో తీసేటప్పుడు లోపలి షట్టర్ మూసుకుని ఆ వెలుతురుని ఆపేస్తుంది కాబట్టి ఫొటోలో చార ఉండదు. వీడియోలో మాత్రం ఉండిపోతుంది. ఆ ఎండలో స్క్రీన్ ఎటూ కనబడదు, కన్ను పెట్టి చూసే కిటికీయే దిక్కు. అందులో కనిపించినదానికంటే ఫొటోలో చుట్టూ కొంచెం ఎక్కువే వస్తుంది, కాబట్టి ఒక అడుగు దగ్గరికి వెళ్ళి తీయడం అలవాటు చేసుకున్నాను.

సంక్రాంతి

భోగి మంటకి ఫ్లాష్ వేస్తూ షట్టర్ కూడా అర సెకను తెరిచి ఉంచితే చుట్టూ ఉన్న పిల్లలూ వస్తారు, మంట రంగూ పోదు. గొబ్బెమ్మల్ని మాక్రోలో పెట్టి దగ్గరగా తీశాను, గుమ్మడి పువ్వు మీది పుప్పొడి దాకా కనిపిస్తోంది.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళాను. ఏకాదశ రుద్రుల ప్రభలన్నీ, అంటే రంగు గుడ్డలతో అలంకరించి భుజాల మీద మోసే ఎత్తైన వెదురు చట్రాలన్నీ, ఒక్కచోట చేరే తీర్థం. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలువ దాటి రావడం చూడాలి. నీళ్ళలో మనుషులు, భుజాల మీద ప్రభ, ఒడ్డు నిండా జనం. ఇంత పెద్ద సందర్భానికి ఈ కెమెరా చాలదని తేలిపోయింది. జూమ్ చివరిదాకా లాగితే లెన్సు రంధ్రం 5.5కి పడిపోతుంది, ఎర్ర గుడ్డలన్నీ మడతలు లేకుండా ఒకే ఎర్ర ముద్దగా వస్తాయి. నాకు మిగిలిన మంచి ఫొటోలన్నీ ప్రభకి దూరంగా తీసినవే: జీళ్ళు అమ్మే తోపుడు బండి, చేను గట్టు మీద చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్న ముసలాయన, నాన్న మెడ మీద నిద్రపోయిన పిల్ల. పెద్ద పండగని పెద్ద కెమెరాలవాళ్ళకి వదిలేయొచ్చు. ఇది అంచుల్లో తిరిగే కెమెరా.

మాఘం: అంతర్వేది

భీష్మ ఏకాదశికి రథోత్సవం. జనంలో తీసింది తక్కువే. మర్నాడు సాగర సంగమం దగ్గర, అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు, కెమెరాని జిప్ కవర్లో పెట్టుకుని వెళ్ళాను. ఇలాంటి కెమెరాకి ఇసుకే మృత్యువు. లెన్సు గొట్టం ముందుకీ వెనక్కీ జరిగే సందులో ఒక్క ఇసుక రేణువు పడితే కరకరమని చప్పుడు చేసి ఆగిపోతుంది, స్క్రీన్ మీద లెన్స్ ఎర్రర్ అని వస్తుంది. గాలి వీస్తున్నంతసేపూ ఆన్ చేయలేదు. గాలికి వీపు పెట్టి, చొక్కా మాటున ఆన్ చేసి, తీసి, వెంటనే ఆపేశాను. ఇంటికొచ్చాక ఉప్పు తేమ పోయేలా తడి గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి తుడిచాను.

మా డెల్టాలో ఉప్పు కన్నా నిదానంగా చంపేది బూజు. తోలు సంచిలో మూసి పెడితే వానాకాలం దాటేసరికి లెన్సు లోపల సాలెగూడులాంటి తెల్లటి పోగులు పుడతాయి. గాలి చొరని స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులోనే ఉంచుతున్నాను. అన్నిటికంటే మంచి మందు రోజూ బయటికి తీసి వాడటమే.

ఫాల్గుణం: లేసు

ఈ నెలంతా ఒక్క ఇంటి అరుగు మీదే గడిపానంటే సరిపోతుంది. నరసాపురం క్రోషే లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ ఆ లేసు పుట్టేది ఇలాంటి అరుగుల మీద, వంటకీ సాయంత్రపు నీళ్ళకీ మధ్య దొరికే తీరికలో. అల్లుతున్నావిడ మా అమ్మకి తెలిసినావిడే. "చేతులే తియ్యి నాయనా, ముఖం వద్దు" అంది. చేతులే తీశాను.

తెల్ల దారాన్ని ఫొటో తీయడం చూడ్డానికి సులువు, చేయడం కష్టం. ఎదురుగా వెలుతురు పడితే అల్లికంతా చదునుగా, తెల్ల గుడ్డలా అయిపోతుంది. గుమ్మంలోంచి పక్కగా వచ్చే వెలుతురులో కూర్చోమన్నాను. ఒక్కో ముడికీ చిన్న నీడ పడింది, గొలుసు కుట్టు, పొడుగు కుట్టు వేరువేరుగా తెలిశాయి. ఆవిడ ముదురు ఆకుపచ్చ చీర ఒడిలో లేసు పెట్టుకోవడం కలిసొచ్చింది. ఐఎస్ఓ 80, మైనస్ 2/3, మాక్రో, ఫ్లాష్ ఆపేసి. మాక్రోలో జూమ్ వాడకుండా ఐదు సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళ్ళొచ్చు గానీ, అంత దగ్గరికి వెళితే కెమెరా నీడే లేసు మీద పడుతుంది. పది, పదిహేను సెంటీమీటర్ల దగ్గర ఆగాను. సెన్సర్ చిన్నది కావడం ఇక్కడ మేలైంది: ముందున్న సూది కొన నుంచి వెనకాల వేళ్ళ దాకా అన్నీ స్పష్టంగా ఉన్నాయి. పెద్ద కెమెరాతో అంత దగ్గరగా అయితే సూది ఒకటే ఉండి, చెయ్యి మసకైపోయేది.

సూది లోపలికి వెళ్ళేటప్పుడు కాదు, దారాన్ని పట్టుకుని వెనక్కి వచ్చేటప్పుడు చెయ్యి ఒక్క లిప్త ఆగుతుంది. అదే నొక్కాల్సిన క్షణం. ఆ లయ పట్టుబడేదాకా పక్కన కూర్చుని చూడటం తప్ప వేరే మార్గం లేదు. ఆవిడ దగ్గర తీసినన్ని ఫొటోలు ఇంకెక్కడా తీయలేదు.

చైత్రం, వైశాఖం: ప్రింట్లు

పంట కాలువలకి నీళ్ళు ఆపేశారు. తూములు, లాకుల దగ్గర అడుగు మట్టి బయటపడింది, వాటి ఫొటోలు పొద్దున్నే తీసేసి, ఎండెక్కాక స్టూడియోలో కూర్చుంటున్నాను.

ప్రింటుకి 7 మెగాపిక్సెళ్ళు చాలతాయా అని అడిగేవాళ్ళకి లెక్క చెబుతాను. అంగుళానికి 300 చుక్కల చొప్పున నాలుగు ఇంటూ ఆరు ప్రింటుకి కావలసింది 1800 ఇంటూ 1200, అంటే 2.16 మెగాపిక్సెళ్ళు. మన దగ్గర మూడు రెట్లు మించి ఉంది. అసలు చిక్కు ఆకారంతో. కెమెరా ఫొటో 4:3, ప్రింటు కాగితం 3:2. 3072 ఇంటూ 2304 ఉన్న ఫొటోని ఆ కాగితానికి సరిపెడితే ఎత్తులో 256 వరసలు పోతాయి, పైన 128, కింద 128. మనిషి తల ఫ్రేము అంచుకి తగిలి ఉంటే ప్రింటులో జుట్టు తెగుతుంది. అందుకని తల పైనా, కాళ్ళ కిందా జాగా వదిలి తీస్తున్నాను. పాతవాటికి రెండు పక్కలా తెల్ల అంచు వదిలేసి మొత్తం ఫొటో వేయమని స్టూడియో అబ్బాయికి చెప్పాను. మొదట అదోలా చూశాడు గానీ, ఇప్పుడు అతనే "అంచు ఉంచమంటారా?" అని అడుగుతున్నాడు.

తేదీ ముద్ర కావాలన్నవాళ్ళకి పోస్ట్‌కార్డ్ అనే సైజులో తీసి ఇచ్చాను. ఈ కెమెరా తేదీని ఫొటో మీద వేసేది ఆ ఒక్క సైజులోనే, 1600 ఇంటూ 1200. చిన్న ప్రింటుకి అది చాలు. నాకు ముద్ర ఇష్టం లేదు. కానీ పంటు మీద టిక్కెట్లు కోసే బాబాయి, "తేదీ లేకపోతే ఎప్పటిదో ఎలా తెలుస్తాదయ్యా?" అన్నాడు. ఆయన ఫొటో ఆయనది కాబట్టి ఆయన మాటే చెల్లాలి.

లేసు అల్లే ఆవిడకి చేతుల ఫొటో ఇచ్చాను. చూసి, వెనక్కి తిప్పి, కుట్టు పేరు రాసివ్వమంది, మనవరాలికి చూపించడానికట. పేరు ఆవిడే చెప్పింది, నేను రాశాను. ఆ తర్వాత నుంచి ప్రతి ప్రింటు వెనకా, అందులో ఉన్నవాళ్ళు ఏం చెబితే అది, వాళ్ళ మాటల్లోనే బాల్‌పెన్‌తో రాస్తున్నాను. రేవు పేరు, పని పేరు, ఒక్కోసారి పాత పడవ పేరు. ఇది నేను అనుకున్న పనిలో లేదు. ఇప్పుడు దీన్ని వదులుకోలేను.

మిగిలిన పని: మేనత్త కెమెరాకి బ్యాటరీ, కార్డు దొరికితే అది మా చిన్నదానికి ఇస్తాను, అది ఇప్పటికే అడిగి అడిగి విసిగిపోయింది. కాలువలకి నీళ్ళు వదిలేలోగా లాకుల ఫొటోలు పూర్తవ్వాలి. వరద మొదలయ్యేలోపు ఏ570కి కవరు, కొత్త సిలికా పొట్లాలు, ఇంకో జత సెల్లు తెచ్చిపెట్టుకోవాలి. పంటు వరదకి ఆగిపోయే రోజుల్లో ఏటిగట్టు మీంచి తీయడానికి చోట్లు రెండు చూసి పెట్టుకున్నాను, ఎగువ నుంచి వచ్చే ఎర్రనీరు సాయంత్రం ఎండలో ఎంత ఎక్స్‌పోజర్ అడుగుతుందో అప్పుడు రాస్తాను.